సైకిలు మీద గని టోపీ

శిక్షణ కేంద్రంలో బొగ్గు గనుల కొత్త రక్షణాధికారులకు పాఠాలు చెప్పిన రోజుల్లో ప్రతి జట్టులోనూ ఎవరో ఒకరు లేచి అడిగేవారు: "సార్, సైకిలు తొక్కేవాడికి కూడా హెల్మెట్ అవసరమా?" గదంతా నవ్వేది. నేను నవ్వేవాణ్ణి కాదు. కూర్చోమని చెప్పి, జవాబు తర్వాత ఇస్తాననేవాణ్ణి. అది ఒక్క మాటలో ఇచ్చే జవాబు కాదు. దాని వెనుక ఒక మనిషి తల, అదే మనిషి కుడిచేయి ఉన్నాయి. తరగతి గంటలో ఇమడ్చలేకపోయిన ఆ సంగతిని ఇప్పుడు రాస్తున్నాను.

గోదావరిఖని చుట్టుపక్కల భూగర్భ గనుల్లోనే నా ఉద్యోగ జీవితం గడిచింది. కొత్త రాష్ట్రం ఏర్పడిన ఏడాది పదవీ విరమణ చేశాను. రక్షణాధికారి అంటే గోడల మీద నినాదాలు రాయించేవాడని, ఏటా రక్షణ వారోత్సవాలలో బహుమతులు పంచేవాడని మీరు అనుకుంటే దయచేసి ఈ ఉద్యోగంలోకి రాకండి. రేపు జరగబోయే ప్రమాదాన్ని ఇవాళ చూడడం, చూసినదాన్ని పై అధికారికి నచ్చినా నచ్చకున్నా చెప్పడం, ఇవే ఆయన పని. మొదటిది అభ్యాసంతో వస్తుంది. రెండోదాన్ని ఏ పుస్తకమూ నేర్పదు.

ముందే ఒక విషయం స్పష్టం చేస్తాను. నేను సైకిలు తొక్కేటప్పుడు హెల్మెట్ పెట్టుకుంటాను. కూరగాయలకు పోయినా పెట్టుకుంటాను. మా వీధి ఆడవాళ్లు గుమ్మాల్లోంచి, "ఏంది సారు, రిటైరైనంక గూడ బాయి దిగుతున్నరా?" అని వేళాకోళం చేస్తారు. చేయనివ్వండి. నేను హెల్మెట్‌కు వ్యతిరేకిని కాను. ఇది చదువుతున్నంతసేపూ ఈ మాట గుర్తుంచుకోండి.

టోపీ మర్యాద

మా ప్రాంతంలో గనిని బాయి అంటారు, గని హెల్మెట్‌ను టోపీ అంటారు. ఆ టోపీకి ముందువైపు ఒక కొక్కెం ఉంటుంది. లాంపు రూములో ఇచ్చే దీపాన్ని దానికి తగిలించుకొని మనిషి భూమిలోకి దిగుతాడు. టోపీ లేనివాడికి దీపం ఇవ్వరు. దీపం లేనివాడు దిగలేడు, దిగనివాడికి మస్టర్ పడదు, అంటే ఆ రోజు హాజరు లేదు.

కొత్తగా బదిలీ పనిలో, అంటే రానివాడి బదులు చేసే పనిలో, చేరిన కుర్రాళ్లు ఆ టోపీని ఇంటి దగ్గరే నెత్తిన పెట్టుకొని సైకిలెక్కేవారు. కంపెనీలో పని దొరికిందని దారి పొడవునా నలుగురికీ తెలియాలి కదా. ఏడాది తిరిగేసరికి ఆ సంబరం తీరిపోయి టోపీ సైకిలు హ్యాండిలుకు చేరేది. పాత కార్మికుల టోపీలన్నీ అక్కడే వేలాడేవి. పోయేటప్పుడు అందులో సద్ది డబ్బా, వచ్చేటప్పుడు బీరకాయలో టమాటాలో ఉండేవి. పాతవాడు రోడ్డు మీద టోపీ పెట్టుకుంటే, "ఏం బావా, మల్ల కొత్తగ నౌకరి దొరికిందా?" అని పక్క సైకిలువాడు నవ్వేవాడు.

ఇంకొక అలవాటు కూడా ఉండేది. గడ్డం కింది పట్టీని చాలామంది కోసేసేవారు. చెమటకు ఒరుస్తుందని ఒక కారణం. గనిలో టోపీ దేనికైనా చిక్కుకుంటే టోపీ ఒక్కటే పోవాలి, మెడ దానితో పోకూడదు అన్నది వాళ్లు చెప్పే రెండో కారణం. సరైన నమ్మకమా కాదా అన్నది వేరే చర్చ. పట్టీల్లేని టోపీలను మేమందరం, నాతో సహా, ఏళ్ల తరబడి రోజూ చూశాం.

సోమవారం నుంచి

రెండు వేల దశకం మధ్యలో ఒక వానాకాలం, మా గనికి దూరంగా ఉన్న పెద్ద రోడ్డు మీద ఒక కార్మికుడు సైకిలు మీంచి పడ్డాడు. తల రోడ్డంచు రాయికి తగిలి, దవాఖానకు చేరకముందే ప్రాణం పోయింది. మా ఏరియా జనరల్ మేనేజరు మరునాడు సమావేశం పెట్టారు. కఠినుడు, శ్రమించే మనిషి. చెప్పిన పని చెప్పిన గంటకు కావాలనేవారు. అలాంటివారి కింద పనిచేయడం నాకు ఇష్టమే.

"సోమవారం నుంచి తల మీద హెల్మెట్ లేని సైకిలు మన గేటు దాటకూడదు" అన్నారు.

"సైకిలు హెల్మెట్లు మన ఊళ్లో ఏ దుకాణంలోనూ దొరకవు సార్" అన్నాను.

"దుకాణం ఎందుకు? ప్రతి మనిషికీ మనమే ఒకటి ఇచ్చాం కదా."

"అది పైనుంచి రాయి పడితే ఆపడానికి చేసింది సార్. మనిషే పక్కకు పడితే ఆపేది కాదు. పైగా పట్టీలు లేవు."

"ఏమీ లేకపోవడం కంటే అది నయమా, కాదా?"

 మీకూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. వినడానికి ఎంతో న్యాయంగా ఉంటుంది.

నేను ఇంకో మాట చెప్పాను. మొదటి గేటు దాటాక గని దాకా ఉన్న రోడ్డు కంపెనీ సొంతం. అక్కడ సైకిళ్లూ, కాంట్రాక్టరు బొగ్గు లారీలూ ఒకే ఇరుకు తారు మీద నడుస్తాయి. తారంచు విరిగి, దాని కింద బొగ్గుపొడి జారుడుగా ఉంటుంది. షిఫ్టు మారే వేళ లారీలను ఆపితే అసలు ప్రమాదమే తగ్గుతుంది అన్నాను.

"లారీలు ఆగితే రవాణా ఆగుతుంది. టోపీ పెట్టుకుంటే ఏమీ ఆగదు" అన్నారాయన. సమావేశం ముగిసింది.

సోమవారం గేటు దగ్గర నిలబడ్డాను. ఆజ్ఞ నచ్చకపోయినా ఆజ్ఞే. యూనియన్ తరఫున మా గనికి కార్యదర్శి మల్లేశం తన టోపీని రెండు చేతులతో కిరీటంలా నెత్తిన పెట్టుకుంటూ అన్నాడు: "చూడున్రి సారు, పెండ్లికొడుకు లెక్కనే ఉన్ననా?" అందరూ నవ్వారు. తర్వాత దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"నవ్వుడు సంగతి అట్లుంచున్రి. రేపు ఎవడన్న లారీ కింద పడ్డడనుకో, మొదలు అడిగేది ఏంది? లారీ ఎట్ల వచ్చింది అంటరా, టోపీ ఉండెనా అంటరా?"

"లారీ గురించే అడుగుతాను" అన్నాను.

"మీరు అడుగుతరు. పైనోల్లు?"

చేయి

ఆ తర్వాత కొద్ది వారాలకే మధ్యాహ్నపు షిఫ్టు వేళ ఆ ఇరుకు రోడ్డు మీద కొమురయ్య పడ్డాడు. బొగ్గు నింపే కార్మికుడు, నలభై దాటినవాడు, మస్టర్ పోగొట్టుకోడని పేరున్నవాడు. ఆజ్ఞ ప్రకారం టోపీ తల మీదే ఉంది. వెనుక నుంచి ఖాళీ లారీ హారను కొట్టుకుంటూ చేయి చాపితే తగిలేంత దగ్గరగా దాటింది. ఆ గాలికి పట్టీ లేని టోపీ ఎగిరింది. కొమురయ్య కుడిచేయి హ్యాండిలు వదిలి టోపీ కోసం పైకి లేచింది. ముందు చక్రం తారంచు దిగి పొడిలో జారింది. అతను కుడిపక్కకు పడ్డాడు. భుజం విరిగింది, తల నేలకు కొట్టుకుంది. టోపీ అప్పటికే లారీ వెనుక చక్రం కింద నలిగిపోయింది.

నేను చేరేసరికి అతని తల ఎవరో ఒడిలో పెట్టుకొని ఉన్నారు. చెవి నుంచి నెత్తురు వస్తోంది. పిలిస్తే పలుకు లేదు. మా కంపెనీ దవాఖాన నుంచి కరీంనగర్‌కు పంపారు. బతుకుతాడో లేదో డాక్టర్లు చెప్పలేదు. అతని భార్య సమ్మక్క వరండాలో గోడకు ఆనుకొని నిలబడే ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు.

కొన్ని రోజులకు అతనికి తెలివి వచ్చింది. నేను వెళ్లాను. నన్ను గుర్తుపట్టి, మాట కూడదీసుకొని అడిగాడు.

"సారు... టోపీ దొరికిందా?"

ప్రాణం పోయి వచ్చినవాడు అడిగిన మొదటి ప్రశ్న అది. నాకు కోపం వచ్చింది. "టోపీ సంగతి ఎందుకయ్యా? హ్యాండిలు ఎందుకు వదిలావు?"

"టోపీ పోతే లాంపు ఇయ్యరు కద సారు. పోయిన నెల గూడ వాపసు పంపిన్రు. ఇంటికాడ మరిచి పోయిన. మస్టర్ పాయె."

సమ్మక్క మంచం అవతలి నుంచి అందుకుంది: "తలకాయ కోసం టోపీ పెట్టుమన్నరు. గీయన టోపీ కోసం తలకాయ పెట్టిండు."

రెండు నిబంధనలు

విచారణ నాకు అప్పగించారు. లాంపు రూము చూసే జాఫర్‌ను పిలిచాను. ఆయన ఏమీ దాచలేదు.

"టోపీ లేనోనికి లాంపు ఇయ్యొద్దన్నది మీరే కద సాబ్. నేను ఎవనికీ ఇయ్య. నా సొంత తమ్ముడొచ్చినా ఇయ్య. కొమురయ్యను గూడ వాపస్ పంపిన. గలత్ చేసిన్నా?"

"లేదు. సరిగ్గానే చేశారు" అన్నాను.

నిజంగానే సరిగ్గా చేశారు. టోపీ లేని మనిషిని గని కప్పు కిందికి పంపడం హత్యతో సమానం. ఆ నిబంధనలో ఒక్క అక్షరం కూడా నేను మార్చను. రోడ్డు మీద తలకు రక్షణ కావాలన్నదీ సరైన మాటే. కానీ ఆ రెంటికీ కలిపి ఆ మనిషి దగ్గర ఉన్నది ఒకే టోపీ. అది తల మీంచి లేచిన క్షణంలో అతనికి కనిపించింది తన పుర్రె కాదు, జాఫర్ దీపాలిచ్చే కిటికీ. ఇరవై ఏళ్లుగా ఆ కిటికీ నేర్పిన పాఠానికి చేయి లొంగింది. హ్యాండిలుకు వేలాడదీసిన రోజుల్లో ఆ టోపీ ఎగిరేది కాదు, ఆ చేయి లేచేది కాదు.

దీన్ని బట్టి హెల్మెట్ వద్దని తేలుతుందా? తేలదు. గడ్డం కింద బిగిసే పట్టీ, పక్కలకు మెత్తటి లోపొర ఉన్న అసలైన సైకిలు హెల్మెట్ పెట్టుకొని ఉంటే, అది ఎగిరేది కాదు, వేరే కారణంతో అలాగే పడినా కొమురయ్య తలకు తగిలే దెబ్బ తగ్గేదనే నా అభిప్రాయం. భుజం మాత్రం అప్పుడూ విరిగేదే. లారీ మాత్రం అప్పుడూ అంత దగ్గరగానే వచ్చేది. వస్తువు ఇవ్వకుండా ఆజ్ఞ ఇవ్వడాన్ని క్రమశిక్షణ అనరు.

సంతకం

జనరల్ మేనేజరు కార్యాలయంలో విచారణ నివేదిక అప్పటికే టైపు అయి ఉంది. నేను సంతకం పెట్టడమే మిగిలింది. "కార్మికుడు హెల్మెట్ పట్టీ కట్టుకోకుండా, ఒంటి చేత్తో సైకిలు నడుపుతూ, స్వీయ నిర్లక్ష్యం వల్ల పడిపోయాడు" అని ఉంది. ప్రతి మాటా జరిగిందే. మొత్తం కలిపితే అబద్ధం.

ఆ ఒక్క వాక్యం మీద ఏం ఆధారపడి ఉందో మీకు తెలియాలి. అది డ్యూటీ ప్రమాదమని తేలితే, కోలుకునేదాకా జీతం వస్తుంది, కోలుకున్నాక చేయి లేవకపోయినా గని బయట, పైన ఏదో ఒక పని దొరుకుతుంది. నిర్లక్ష్యమని తేలితే మా దగ్గర ఆ రెండూ కష్టమే. బొగ్గు నింపే పని తప్ప వేరే పని తెలియని మనిషి, భుజం పనికిరాకుండా ఇంటికి పోతాడు.

"ఇందులో తప్పేముంది?" అన్నారాయన.

"పట్టీలు లేవని మనకు ఏళ్లుగా తెలుసు సార్. రోజూ చూస్తూ ఊరుకున్నాం. అందరం ఊరుకున్న విషయాన్ని ఇవాళ ఒక్కడి నేరంగా రాయలేను."

"అంటే హెల్మెట్ వద్దంటారా?"

"హెల్మెట్ కావాలంటాను. అతనికి మనం ఇచ్చింది హెల్మెట్ కాదంటాను."

ఆయన కుర్చీలో ముందుకు వంగారు. "మరి తప్పు ఎవరిది? పేరు చెప్పండి."

"మనిషి పేరు లేదు సార్. ఆజ్ఞది."

"ఆ ఆజ్ఞ నాది."

"అవును సార్."

 భయపడ్డానని ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. మా అమ్మాయి చదువు మధ్యలో ఉంది. ఆయన ఒక్క మాట చెబితే నేను వారంలో మరో జిల్లాలో ఉండేవాణ్ణి.

"మీరు సంతకం పెట్టకపోతే?" అన్నారు.

"వేరొకరితో పెట్టించుకోండి. నా సంతకం కావాలంటే నా నివేదిక మీదే ఉంటుంది." నేను రాసుకొచ్చిన కాగితాలు బల్ల మీద పెట్టి బయటికి వచ్చాను.

తర్వాత పిలుపు రాలేదు. మల్లేశం రోజూ గేటు దగ్గర, "ఏమన్నరు సారు? మేం బైఠాయించాల్నా?" అని అడిగేవాడు. వద్దన్నాను. విచారణ తీర్పు గొంతుల బలంతో రాకూడదన్నది నా పట్టు. "మీ పట్టు మంచిదే గని, సమ్మక్క పొయ్యి మీద ఏం ఉడుకుతది సారు?" అన్నాడతను.  ఆ రోజుల్లో నాకు అన్నం సహించలేదు.

ఒక ఉదయం నా నివేదిక తిరిగి వచ్చింది. ఒక్క పదం కూడా కొట్టివేయకుండా కింద ఆయన సంతకం ఉంది. ఎందుకు పెట్టారో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. యూనియన్‌కు భయపడ్డారని కొందరన్నారు. నా అభిప్రాయం వేరు. సంతకం పెట్టే ముందు చదివే అధికారి ఆయన. అంత కఠినులైనా చదివేవారు మీకు పైన దొరికితే అదృష్టమనుకోండి.

ఎర్ర జెండా

నివేదికకు సంతకం పడిందన్న మాట చెప్పడానికి సెంటినరీ కాలనీలో కొమురయ్య క్వార్టరుకు నేనే వెళ్లాను. అతను మంచం మీద ఉన్నాడు. తలకు కట్టు విప్పారు, చేయి మాత్రం ఛాతీకి కట్టి ఉంది. డ్యూటీ ప్రమాదంగా తేలిందనీ, పైన పని ఇస్తారనీ చెప్పాను. అతను కళ్లు మూసుకొని పెద్దగా ఊపిరి వదిలాడు. కృతజ్ఞతలు వినవలసి వస్తుందేమోనని నేను లేవబోయాను.

సమ్మక్క తలుపు దగ్గర నిలబడి ఉంది. "కూసోండ్రి సారు, ఒక్క మాట" అంది. "డ్యూటీ ప్రమాదం అన్నరు, మంచిదే. కాని నా తమ్ముడు గూడ గదే బాయికి పోతడు, గదే తొవ్వల. ఆ లారీలు గట్లనే వస్తున్నయా?"

"వస్తున్నాయి."

"మరి ఆని నెత్తి మీద ఏం పెట్టాలె? చెప్పున్రి. ఏది చెప్తె అదే పెడ్త."

ఆమె ఎత్తిపొడవలేదు. నిజంగానే అడిగింది. జనరల్ మేనేజరు ముందు నిలబడినప్పుడు కూడా నేను అంత ఇరుకున పడలేదు. నా నివేదిక పడిపోయినవాణ్ణి నిలబెట్టింది. పడబోయేవాడికి అందులో ఒక్క వాక్యం కూడా లేదు.

మరునాడు మధ్యాహ్నం షిఫ్టు మారే వేళకు ఎర్ర జెండా తీసుకొని ఆ ఇరుకు రోడ్డు మొదట్లో నిలబడ్డాను. ప్రమాదం ఉందని తోచిన చోట పని ఆపించే అధికారం రక్షణాధికారికి ఉంది. దాన్ని అప్పటిదాకా గని లోపలే వాడాను. కంపెనీ రోడ్డు కూడా గనే అనుకొని వాడాను. మొదటి లారీ ఆగింది. డ్రైవరు తల బయట పెట్టాడు.

"ఏమైంది సారు? తొవ్వ ఖరాబైందా?"

"సైకిళ్లు వస్తున్నాయి."

"సైకిళ్లకా? నా ట్రిప్పు పోతది సారు!"

"పోనివ్వు."

దాని వెనుక మరొకటి, ఇంకొకటి ఆగాయి. హారన్లు మొదలయ్యాయి. ఇటునుంచి షిఫ్టు దిగి ఇంటికి పోయేవాళ్లు, అటునుంచి షిఫ్టు ఎక్కేవాళ్లు, రోడ్డు నిండా సైకిళ్లు వస్తున్నాయి. కొందరి టోపీలు తల మీద, కొందరివి హ్యాండిలుకు. తల మీద టోపీ లేదని ఆ రోజు నేను ఎవరినీ ఆపలేదు. మల్లేశం మాత్రం దాటుతూ, "అన్నలారా, ఇయ్యాల తొవ్వ మనది!" అని అరిచాడు.

లారీల వరుస చివర ఒక తెల్ల జీపు ఆగింది. అందులోంచి జనరల్ మేనేజరు దిగారు. లారీల పక్కగా బొగ్గుపొడిలో నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చారు. హారన్లు ఒకటొకటిగా ఆగిపోయాయి. ఆయన నా చేతిలో జెండాను చూశారు, తర్వాత రోడ్డును చూశారు. నేను జెండా దించలేదు.

"ఎవరి ఆజ్ఞ ఇది?" అన్నారు.

"నాది సార్."

"ఎంతసేపు?"

"ఆఖరి సైకిలు దాటేదాకా."

ఆయన వెనక్కి తిరిగి, జీపు ఇంజను ఆపెయ్యమని డ్రైవరుకు చేత్తో సైగ చేశారు. నా పక్కనే రోడ్డంచున నిలబడ్డారు.